సీట్లు పెరగకపోతే నష్టం నాయకులకేనా?

ఎడిటర్ గారికి,

నియోజకవర్గాల పునర్విభజన మీద, అసెంబ్లీ సీట్లు ఇప్పుడే పెంచడం కుదరదని 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి మీ పేపర్లో వచ్చిన వార్త చదివి వారం దాటింది, అప్పుడే రాద్దామనుకున్నా గానీ కోపం తగ్గాక రాద్దాంలే అని ఆగా, తగ్గలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నా. వార్త మొత్తం ఒకటే గోల. ఆశావహులకి నిరాశ, ఏ పార్టీలో ఎంతమంది టికెట్ మీద ఆశలు పెట్టుకున్నారు, ఎవరికి ఏం మాటిచ్చారు, ఇప్పుడు వాళ్ళని ఎలా బుజ్జగిస్తారు. సంతాప సభ రిపోర్టులా ఉంది. ఓటరు అనే మాట మాత్రం ఎంత వెతికినా కనపడలేదు.

రాష్ట్ర విభజన చట్టం సెక్షన్ 26లో అసెంబ్లీ సీట్లు ఆంధ్రప్రదేశ్‌కి 175 నుంచి 225కి, తెలంగాణకి 119 నుంచి 153కి పెంచాలని రాశారు, నిజమే. ఆ పక్కనే రాజ్యాంగంలోని ఆర్టికల్ 170కి లోబడి అని కూడా రాశారు కదా. ఆ ఆర్టికల్ ప్రకారం 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వచ్చేదాకా అసెంబ్లీ సీట్లు ముట్టుకోకూడదు. కేంద్రం ఇదే మాట ఎన్నిసార్లు చెప్పిందో, ఇప్పుడు కోర్టు కూడా అదే చెప్పింది. జమ్మూకశ్మీర్‌లో 83ని 90 చేశారు కదా మాకెందుకు చెయ్యరు అంటే అది కేంద్రపాలిత ప్రాంతం, దాని సంగతి వేరు అంది. పదకొండేళ్ళుగా ప్రతి ఎన్నికకీ ముందు సీట్లు పెరుగుతాయి పెరుగుతాయి అని ఊరించిన నాయకుల్లో ఒక్కడు కూడా ఆ లోబడి అన్న ముక్క చదవలేదా? చదివే ఉంటారు, పార్టీలో చేర్చుకునేటప్పుడు అది చెప్పరు అంతే.

సరే సీట్లు పెరగవు. అసలు సమస్య సీట్లు తక్కువ ఉండటమా? నేనుండేది శేరిలింగంపల్లి. 2023 ఎన్నికల నాటికే ఇక్కడ ఓటర్లు ఏడు లక్షల ముప్పై వేలు దాటారు. అదే ఎన్నికల్లో భద్రాచలంలో లక్షన్నర కూడా లేరు. ఇక్కడా ఒకడే ఎమ్మెల్యే, అక్కడా ఒకడే ఎమ్మెల్యే. అంటే దాదాపు అయిదు రెట్ల తేడా, మా అయిదుగురి ఓటు కలిపితే అక్కడ ఒక ఓటు. కుత్బుల్లాపూర్ కూడా మాకేం తీసిపోలేదు. నియోజకవర్గ అభివృద్ధి నిధి ఎమ్మెల్యేకి ఇంత అని ఇస్తారు గానీ ఓటరుకి ఇంత అని ఇవ్వరు. పోనీ ఎమ్మెల్యే ఎవరైనా గానీ, ఏ పార్టీ అయినా గానీ, రోజుకి నాలుగొందల మందిని చొప్పున ఆదివారం పండగ లేకుండా కలిస్తే అయిదేళ్ళకి మా నియోజకవర్గంలో ప్రతి ఓటరునీ ఒక్కసారి చూసినట్టవుతుంది! ఇక సమస్యలు ఎప్పుడు వింటాడు, అసెంబ్లీకి ఎప్పుడు పోతాడు.

భద్రాచలం వాళ్ళ మీద నాకేం కుళ్ళు లేదు, అది గిరిజన నియోజకవర్గం, అడవి, గోదావరి, వాజేడు వెంకటాపురం మండలాలేమో ములుగు జిల్లాలో, ఓటేసేదేమో భద్రాచలం ఎమ్మెల్యేకి. జనం తక్కువున్నా వాళ్ళకో ఎమ్మెల్యే ఉండి తీరాలి. నిజానికి మాకంటే వాళ్ళకే ఎక్కువ అన్యాయం జరిగింది. 2014 ఏప్రిల్ 30న ఓటేశారు, నెల తిరక్కుండా పోలవరం కోసమని ఆర్డినెన్స్ తెచ్చి కూనవరం, చింతూరు, వీఆర్ పురం లాంటి మండలాలని ఆంధ్రాలో కలిపేశారు. వాళ్ళు గెలిపించిన ఎమ్మెల్యే హైదరాబాద్‌లో తెలంగాణ సభలో కూర్చున్నాడు, వాళ్ళేమో ఆంధ్రప్రదేశ్ ప్రజలు. 2019 ఎన్నికలొచ్చేదాకా ఆంధ్రా అసెంబ్లీలో వాళ్ళు ఓటేసి పంపినవాడు ఒక్కడూ లేడు. ప్రాజెక్టు కింద ఇళ్ళు పొలాలు మునిగేది వాళ్ళవి, అడగటానికి సభలో మనిషి లేడు. దీని మీద అప్పట్లో ఎంతమంది నాయకులు ధర్నా చేశారో నాకైతే గుర్తు లేదు. సీట్లు పెరగవంటే మాత్రం అందరికీ నిరాశే.

ఇప్పుడున్న హద్దులు 2001 జనాభా లెక్కలతో గీసినవి. 2002లో పునర్విభజన కమిషన్ వేస్తే మనకి 2009 ఎన్నికలకి గానీ అమల్లోకి రాలేదు. 2001లో కొండాపూర్, గచ్చిబౌలి ఎలా ఉండేవో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. 2011 లెక్కలొచ్చాయి, వాడుకోలేదు. 2021లో లెక్కే పెట్టలేదు. ఇప్పుడు జనగణనకి 2027 మార్చి 1 అంటున్నారు, ఆ తర్వాత కమిషన్, అభ్యంతరాలు, మళ్ళీ కోర్టులు. 2028లో కూడా ఈ గీతల మీదే ఓటేయిస్తారేమో, అంటే పుట్టకముందు జనాభా లెక్కతో గీసిన నియోజకవర్గంలో పాతికేళ్ళ పిల్లాడు ఓటేస్తాడు. 2023లో అంత ఆర్భాటంగా పాస్ చేసిన మహిళా రిజర్వేషన్ని కూడా తీసుకెళ్ళి దీనికే ముడేశారు, అదెప్పుడు తేలాలో.

ఇంకొకటి. ఈ తీర్పొచ్చిన ఆరు రోజులకే, జూలై 31న, ఫిరాయింపుల కేసులో కూడా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, గెలిచిన పార్టీ వదిలి అధికార పార్టీలోకి మారారన్న పది మంది ఎమ్మెల్యేల అనర్హత పిటిషన్ల మీద మూడు నెలల్లో తేల్చండి అని స్పీకర్‌కి చెప్పింది. ఆ పది మంది లిస్టులో మా శేరిలింగంపల్లి ఎమ్మెల్యే ఉన్నాడు, భద్రాచలం ఎమ్మెల్యే కూడా ఉన్నాడు. ఏడు లక్షల వాళ్ళకీ లక్షన్నర వాళ్ళకీ ఈ ఒక్క విషయంలో మాత్రం సమన్యాయం జరిగింది, సంతోషం. తప్పో ఒప్పో తేల్చాల్సింది స్పీకర్, నేను చెప్పేవాడిని కాదు. కానీ 2024లో వేసిన పిటిషన్లు కోర్టు గడువు పెడితే గానీ కదలకపోతే, మా ఓటుతో గెలిచినవాడు అధికార పక్షమా ప్రతిపక్షమా అని మేం ఎవర్ని అడగాలి? ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే పీఏసీ (పబ్లిక్ అకౌంట్స్ కమిటీ) చైర్మన్ పదవి ప్రతిపక్షానికిస్తారు, 2024లో అది ఇచ్చింది కూడా మా ఎమ్మెల్యేకే మరి.

సిటీ వాళ్ళు పోలింగ్ రోజు సెలవు తీసుకుని ఊరెళ్ళిపోతారు, మీకెందుకు ఇవన్నీ అని కొందరు అంటారు. వెళ్ళేవాళ్ళు వెళ్తారు, కాదనను. కానీ హద్దులు గీసేది జనాభాని బట్టి, ఎంతమంది లైన్లో నిలబడ్డారన్నదాన్ని బట్టి కాదు.

ఉన్న 119నే సమానంగా సర్దండి అని గానీ, సర్దే లోపల ఓటర్లు ఎక్కువున్న చోటికి నిధులన్నా ఎక్కువ ఇవ్వండి అని గానీ అడిగిన పార్టీ నాకైతే కనపడలేదు. మొదటిది రాజ్యాంగం ఇప్పుడే ఒప్పుకోదు సరే, రెండోదానికి ఏ జనగణన కావాలి? అడ్డం ఎవరు? పునర్విభజన వార్త ఈసారి వేసేటప్పుడు 119 నియోజకవర్గాల ఓటర్ల లెక్క ఒక పట్టికలా వెయ్యండి, ఎన్నికల సంఘం దగ్గర ఉన్నదే, కొత్తగా కనిపెట్టక్కర్లేదు. టికెట్ రాని ఆశావహుల ఫోటోలు ఆ తర్వాత చోటు మిగిలితే చూసుకోవచ్చు.

ఇట్లు,
ఒక ఓటరు,
చందానగర్, శేరిలింగంపల్లి