ఆ క్రాబ్ యాపిల్ చెట్లు పూశాయా?

చిన్నా,

నీ ఫోన్ వచ్చి ఇరవై మూడు రోజులైంది. క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే రాసిపెట్టుకున్నాను. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. పొద్దున మల్లెచెట్టుకి నీళ్లు పోస్తుంటే నిరుడు మే మొదట్లో నువ్వు మీ న్యూజెర్సీలో, రింగ్‌వుడ్ స్టేట్ పార్కులోని స్కైలాండ్స్ తోటకి తీసుకెళ్లిన రోజు గుర్తొచ్చింది.

తోటలే 96 ఎకరాలంటే నా మోకాళ్లు చూసుకున్నాను. అయినా ఆ క్రాబ్ యాపిల్ చెట్ల మధ్య అర మైలూ నడిచాను. 166 చెట్లు, కొమ్మ కనబడకుండా గులాబీరంగు పూలు! అక్కడే నీకు ఆఫీసు ఫోన్ వచ్చింది. దూరంగా వెళ్లి అరగంటకి వచ్చావు, భుజం మీద రెండు పూరేకులు. "ఏం లేదమ్మా" అన్నావు. కారు దగ్గర పులిహోర పెడితే రెండు ముద్దలు తిని, తోటలోని ఆ రాతి బంగళా కథ ఆపకుండా చెప్పుకొచ్చావు. స్టెట్సన్ అనే న్యూయార్క్ లాయరు ఎస్టేట్ అది, 1922లో లూయిస్ అనే ఆయన కొన్నాడు, పాత ఇల్లు పడగొట్టి ఇది కట్టించాడు, ఎక్కడెక్కడి మొక్కలో తెచ్చి నాటించాడు, 1966లో రాష్ట్రం కొంది, 1984లో రాష్ట్ర బొటానికల్ గార్డెన్ చేశారు. చిన్నప్పుడు భయమేస్తే ఎక్కాలు ఇలాగే గడగడా అప్పజెప్పేవాడివి. నాకు అప్పుడే తెలిసింది. అడగలేదు.

మీ ఆఫీసులో మళ్లీ మనుషుల్ని తీసేస్తున్నారని పద్మత్త కోడలు అందట. తీసేస్తే నీ వీసాకి 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవాలటగా. నిజమైతే చెప్పు నాన్నా. నీ చదువు అప్పు సంక్రాంతికే తీరిపోయింది, కాగితం బీరువాలో ఉంది. మాకు పంపాలని టెన్షన్ పడకు. క్రెడిట్ కార్డుల జోలికి పోకు. రాత్రి రెండింటిదాకా మేలుకుని కాఫీలు తాగకు, పొద్దున్నే ఏదైనా తిను. ఉద్యోగం పోయిందని మనుషులకి మొహం చాటేసేవాళ్లని చూశాను, నువ్వలా చెయ్యకు. సలహాలు చెప్పకూడదనే మొదలుపెట్టాను.

ఆవకాయ కలిపాను. నీ వాటాలో వెల్లుల్లి ఎక్కువేశాను. పద్మత్త వాళ్లబ్బాయి జూన్‌లో వస్తాడు, పంపిస్తాను.

ఈపాటికి ఆ చెట్లు పూసే ఉంటాయి. ఆదివారం ఒకసారి వెళ్లు. మధ్యాహ్నం పన్నెండుకి అక్కణ్నించే ఫోన్ చెయ్యి, మాకు రాత్రి తొమ్మిదిన్నర. నాన్న ముందే పడుకుంటారు. నేను మేలుకునే ఉంటాను.

అమ్మ