విభీషణుడి పక్షాన కొన్ని మాటలు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం చేరింది. కుంభకర్ణుణ్ణి ఆకాశానికెత్తి, విభీషణుణ్ణి అన్నను ముంచిన ద్రోహిగా తీర్మానించి, కాదనగలవా అని సవాలు కూడా విసిరావు. కాదనే అంటాను. అయితే నీ కోపం అర్థం లేనిదని మాత్రం అనను. "ఇంటి గుట్టు లంకకు చేటు" అని తరతరాలుగా చెప్పుకుంటున్న మనకు ఆ కోపం ఉగ్గుపాలతోనే వచ్చి ఉంటుంది.

నిజానికి నీ వాదాన్ని నీకంటే బలంగా వాల్మీకే ఇంద్రజిత్తు నోట పలికించాడు. తాను హోమం చేసే నికుంభిల దగ్గర లక్ష్మణుడి పక్కన నిలబడిన పినతండ్రిని చూసి, పరాయివాడు ఎంత గుణవంతుడైనా, తనవాడు ఎంత గుణహీనుడైనా తనవాడే మేలు, పరాయివాడు ఎప్పటికీ పరాయివాడే అని అతడు నిలదీస్తాడు. విభీషణుడు దానికి గట్టిగానే జవాబిస్తాడు గాని, ఆ తరువాత వానరులతో అతడు అన్న మాటే నన్ను ఎక్కువగా పట్టుకుంది. కొడుకులాంటివాణ్ణి చంపడం తనకు తగదనీ, రాముడి కోసం జాలి విడిచి చంపుదామనుకున్నా కన్నీళ్లు కళ్లకు అడ్డుపడుతున్నాయనీ, ఆ పని లక్ష్మణుడే పూర్తి చేస్తాడనీ చెప్పుకుంటాడు. అతడికి రాజ్యం మీద ఆశే లేదని నేను వాదించను. వాలిని చంపి సుగ్రీవుణ్ణి రాజును చేశారని తెలిసి, రాజ్యం కోరే వచ్చాడని హనుమంతుడే అంటాడు. ఆశా ఉంది, కన్నీరూ ఉంది. వాల్మీకి రెండింటిలో ఏదీ దాచలేదు.

ఇక నీ కుంభకర్ణుడి సంగతి. అతడు కూడా అన్నకు నీతి చెప్పినవాడేనని నువ్వు మరచిపోయావు. సీతను తెచ్చే ముందు మమ్మల్ని అడగవలసింది అని సభలోనే మందలించాడు. యుద్ధం మధ్యలో నిద్ర లేపినప్పుడు మళ్లీ హితవు చెప్పాడు. రావణుడు కనుబొమలు ముడిచేసరికి, బంధుభావంతోనూ సోదరస్నేహంతోనూ చెప్పానని సర్దిచెప్పి, యుద్ధానికి వెళ్లి ప్రాణం ఇచ్చాడు. ఓడిపోయే పక్షమని తెలిసీ నిలబడిన ఆ నిబ్బరానికి నేనూ చేతులెత్తి మొక్కుతాను. కాని ఆ విధేయత వల్ల రావణుడికి ఒరిగిందేమిటి? కుంభకర్ణుడు నేలకూలిన తరువాతే, విభీషణుడి మాట వినకపోయానే అని అతడు కుమిలిపోయాడు. అన్న తప్పును నోటితో ఖండించి చేతులతో మోసినవాడు అన్నను కాపాడలేకపోయాడు.

భారతంలో వికర్ణుడిదీ ఇదే చిక్కు. భీష్మద్రోణులు నోరు మెదపని సభలో ద్రౌపది గెలుచుకోబడలేదని లేచి చెప్పిన ఒకే ఒక్క కౌరవ సోదరుడు అతడు; అయినా యుద్ధంలో దుర్యోధనుడి పక్షానే నిలిచి, 14వ రోజున భీముడి చేతిలో పడిపోయాడు. పడగొట్టిన భీముడే అతడి కోసం విలపిస్తాడు. ధృతరాష్ట్రుడికి వైశ్య స్త్రీ వల్ల పుట్టిన యుయుత్సుడు మాత్రం యుద్ధం మొదలుకాకముందే, ధర్మరాజు పిలుపు విని అందరూ చూస్తుండగా పాండవుల వైపు నడిచి వెళ్లాడు. వికర్ణుడి మీద జాలి పడే మనం యుయుత్సుడి పేరైనా తలచుకోం. అతణ్ణి ద్రోహి అని తిట్టడం కూడా నేను ఎక్కడా వినలేదు. మరి విభీషణుడికి ఒక్కడికే ఈ శిక్ష ఎందుకో నువ్వే చెప్పు.

విభీషణుడు శరణు కోరి వచ్చినప్పుడు, కష్టకాలంలో అన్నను విడిచినవాడు రేపు ఎవరిని విడవడు అని సుగ్రీవుడు అడ్డుపడతాడు. అన్నను చంపించి గద్దెనెక్కినవాడు ఈ మాట అంటుంటే నాకు నవ్వు ఆగదు. రాముడూ లక్ష్మణుడి వైపు చూసి చిన్నగా నవ్వుతాడు. నాయనా, సోదరులందరూ భరతుడిలాంటివారు కారు అంటాడు. వచ్చిన రాజ్యాన్ని కాదని, 14 సంవత్సరాలు పాదుకల పేరిట పాలన చేస్తున్న తమ్ముణ్ణి కొలబద్దగా పెడితే అక్కడ నిలబడిన వారిలో ఎవరు నెగ్గుతారు? ఆ కొలత పక్కన పెట్టి, వచ్చినవాడు శరణార్థి అన్న ఒక్క కారణంతోనే రాముడు అభయమిచ్చాడు.

అయినా విభీషణుణ్ణి నేను పూర్తిగా వెనకేసుకు రాలేను. రావణుడు పడిపోగానే అన్న శవం దగ్గర అంతగా ఏడ్చినవాడు, అంత్యక్రియల మాట వచ్చేసరికి వెనకాడతాడు. ధర్మం విడిచినవాడు, అన్న రూపంలో ఉన్న శత్రువు, పూజకు తగడు అంటాడు. వైరాలు మరణంతో ముగుస్తాయి, ఇతడు నీకెలాగో నాకూ అలాగే అని రాముడు చెప్పవలసి వచ్చింది; ఆ తరువాతే చితి పేర్చాడు. బతికి ఉన్న అన్నకు ఎదురు నిలవడంలో అతడి తప్పు నాకు కనబడదు గాని, చచ్చిపోయిన అన్నకు నిప్పు పెట్టడానికి శత్రువు చేత చెప్పించుకోవడం మాత్రం నాకు మింగుడుపడదు. నువ్వు అతడి మీద నేరం మోపదలిస్తే ఈ ఘట్టం పట్టుకో, జవాబు చెప్పడానికి నేను కాస్త తడుముకుంటాను.

నీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
నీ మిత్రుడు