2025 వార్షిక నివేదిక: ఈసారి హాకీ కాస్త ఎక్కువైంది

కెనడాలోని మన కాల్గరీ తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గులు, ఉగాది పచ్చడి, ఎండాకాలం పార్కులో వనభోజనాలు, బతుకమ్మ, దీపావళి విందు అన్నీ ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు అందరూ చూశారు, లెక్కలు విడిగా పంపాం, కాబట్టి వాటి గురించి మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది కొత్తగా మొదలుపెట్టింది పిల్లల హాకీ (మంచు మీద ఆడే ఐస్ హాకీ) ఒక్కటే. కాల్గరీలో ఇల్లు కొనుక్కుని హాకీ తెలియదంటే రాజమండ్రిలో పుట్టి గోదావరి చూడలేదన్నట్టు ఉంటుందని కార్యవర్గంలో ఒకరు అన్నారు, అక్కడ మొదలైంది.

సంక్రాంతి రోజు భోజనాల దగ్గర ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: "మావాడు హాకీ హాకీ అని ప్రాణం తీస్తున్నాడు, చదువు అటకెక్కదు కదా?" దానికి జవాబుగా ఒక సాయంత్రం కేల్ మకార్ కెరీర్ గురించి కూర్చుని మాట్లాడుకున్నాం. మకార్ 1998 అక్టోబర్ 30న ఈ ఊళ్లోనే పుట్టాడు. ఇప్పుడు ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా పెద్ద ప్రొఫెషనల్ లీగ్) జట్టు కొలరాడో అవలాంచ్ డిఫెన్స్‌లో 8వ నంబర్ జెర్సీ.

ఆ రోజు ఎక్కువసేపు మాట్లాడింది కప్పుల గురించి కాదు, పదిహేను పదహారేళ్ల వయసులో తీసుకునే ఒక నిర్ణయం గురించి. ఇక్కడ బాగా ఆడే పిల్లాడు సాధారణంగా డబ్ల్యూహెచ్‌ఎల్ అనే జూనియర్ లీగ్‌కి వెళ్తాడు. కానీ అప్పటి రూల్ ప్రకారం అక్కడ ఆడితే అమెరికా కాలేజీ హాకీకి దారి మూసుకుపోయినట్టే. ఆ లీగ్‌లోని మెడిసిన్ హాట్ జట్టు అతన్ని ఎంచుకున్నా అటు వెళ్లకుండా మకార్ బ్రూక్స్‌లో చిన్న లీగ్ ఆడాడు. కారులో ఇక్కడికి రెండు గంటల దూరం, మీలో చాలామంది హైవే మీద పెట్రోల్ కోసం ఆగే ఊరే. 2016-17లో అక్కడ 54 మ్యాచ్‌ల్లో 75 పాయింట్లు (కొట్టిన గోల్స్, వేరేవాళ్ల గోల్స్‌కి అందించిన పాస్‌లు కలిపి) తెచ్చాడు, అదీ డిఫెన్స్‌లో ఆడుతూ. (ఆ రూల్ 2025 ఆగస్టు నుంచి మారింది. ఇప్పుడు డబ్ల్యూహెచ్‌ఎల్ ఆడినవాళ్లూ కాలేజీకి ఆడొచ్చు. పాత సలహాలు పట్టుకుని టెన్షన్ పడకండి.)

2017 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే కార్యక్రమం) నాలుగో స్థానంలో కొలరాడో తీసుకుంది. ఆ ముందు సీజన్లో లీగ్ మొత్తానికీ అట్టడుగున ఉన్న జట్టు ఎవరు ముందు ఎంచుకోవాలో తేల్చే లాటరీలో కూడా ఓడి నాలుగో ఛాన్స్‌కి దిగింది, ఆ దురదృష్టంలోనే వాళ్లకి మకార్ దొరికాడు! కుర్రాడు మాత్రం వెంటనే ప్రొఫెషనల్ అయిపోలేదు. మసాచుసెట్స్ యూనివర్సిటీలో చేరాడు. అతను రాకముందు ఏడాది మొత్తం 5 మ్యాచ్‌లే గెలిచిన జట్టది. ఒక సీజన్ అయ్యాక కొలరాడో రమ్మన్నా ఇంకో ఏడాది ఉంటానన్నాడు. ఇది చెప్పినప్పుడు హాల్లో తల్లిదండ్రుల ముఖాలు వెలిగిపోయాయి. పిల్లలు మాత్రం పెద్దగా పట్టించుకోలేదు.

2019 ఏప్రిల్‌లో ఆ నాలుగు రోజులు చూడండి. 12న అమెరికా కాలేజీ హాకీలో మేటి ఆటగాడికిచ్చే హోబీ బేకర్ అవార్డు. 13న కాలేజీ ఫైనల్లో మిన్నెసోటా డులూత్ చేతిలో 3-0తో ఓటమి. 14న కొలరాడో కాంట్రాక్ట్ మీద సంతకం. 15న కొలరాడో సొంతూరు డెన్వర్‌లో ప్లేఆఫ్ (నాకౌట్ దశ) మ్యాచ్, మూడు పీరియడ్‌ల ఆటలో మొదటిదాంట్లోనే గోల్. ఎవరి మీద? మన కాల్గరీ ఫ్లేమ్స్ మీద! ఊరి పిల్లాడు ఊరి జట్టుకే సున్నం పెట్టాడు. కొలరాడో ఆ సిరీస్ 4-1తో గెలిచింది. మన సభ్యుల్లో ఫ్లేమ్స్ అభిమానులు కొందరు ఇప్పటికీ అతని పేరెత్తితే టీ తాగడం ఆపేస్తారు.

తర్వాతిది త్వరగా చెప్పేస్తాను. 2020లో మేటి కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ. 2022లో టాంపా బే మీద స్టాన్లీ కప్ (లీగ్ విజేత కప్పు), ఆ ప్లేఆఫ్స్‌లో 20 మ్యాచ్‌ల్లో 29 పాయింట్లు, ప్లేఆఫ్స్‌లో మేటి ఆటగాడికిచ్చే కాన్ స్మైథ్, దానితో పాటు మేటి డిఫెన్స్ ఆటగాడికిచ్చే నోరిస్. ఒకే సీజన్లో ఆ చివరి రెండూ గెలిచిన డిఫెన్స్ ఆటగాళ్లు అంతకుముందు బాబీ ఆర్, నిక్లాస్ లిడ్‌స్ట్రోమ్ మాత్రమే. జీతం ఎంత అని అడగనివాళ్లు లేరు కాబట్టి అదీ రాస్తున్నా: 2021లో ఆరేళ్లకి 5.4 కోట్ల డాలర్లు.

మేము వేసిన క్లిప్పుల్లో పిల్లలు మళ్లీ మళ్లీ అడిగింది 2022 జనవరిలో చికాగో మీద కొట్టిన ఓవర్‌టైమ్ గోల్. బాగా వేగంగా వెళ్తూ ఒక్కసారిగా తిరుగుతాడు, ఎదురుగా ఉన్నవాడు ఆ ఊపులోనే పక్కకి జారిపోతాడు. నాకు నచ్చింది మాత్రం వేరేది. 2022 డిసెంబర్‌లో న్యూయార్క్ ఐలాండర్స్ మ్యాచ్‌లో మకార్ పడిపోతే రిఫరీ ఐలాండర్స్ ఆటగాడు బార్జాల్‌కి పెనాల్టీ ఇచ్చాడు. మకార్ లేచి, అతను నన్ను పడేయలేదు, నేనే పడ్డాను అని చెప్పాడు. పెనాల్టీ రద్దు చేశారు. అది చూసి మన పెద్దాయన ఒకరు లేచి, 1980లో బొంబాయి టెస్టులో గుండప్ప విశ్వనాథ్, అంపైర్ అవుటిచ్చిన ఇంగ్లండ్ ఆటగాడు బాబ్ టేలర్‌ని వెనక్కి పిలిచిన సంగతి పావుగంట చెప్పారు. చివర్లో ఒక పిల్లాడు "మరి ఆ మ్యాచ్ గెలిచామా తాతగారూ?" అన్నాడు. పది వికెట్ల తేడాతో ఓడాం.

ఫిబ్రవరి 20న నాలుగు దేశాల టోర్నీ ఫైనల్ ఒక సభ్యుడి ఇంటి బేస్‌మెంట్‌లో కలిసి చూశాం. లీగ్ దశలో అమెరికా మ్యాచ్‌కి మకార్‌కి ఒంట్లో బాగోక ఆడలేదు, ఫైనల్‌కి వచ్చాడు, కెనడా ఓవర్‌టైమ్‌లో 3-2తో గెలిచింది. పులిహోర మొదటి పీరియడ్‌కే అయిపోయింది, వచ్చేసారి ఎక్కువ చేయిస్తాం. కొలరాడోకి ఆ సీజన్లో మకార్‌వి 30 గోల్స్, 92 పాయింట్లు, రెండో నోరిస్. ప్లేఆఫ్స్‌లో మాత్రం కొలరాడో వాళ్లు డల్లాస్ చేతిలో ఏడో మ్యాచ్‌లో ఇంటిదారి పట్టారు, జనవరిలో కొలరాడో వదులుకున్న రాంటనెనే ఆ రోజు మూడు గోల్స్ కొట్టాడు. నా లెక్కన మకార్ ఆ సిరీస్‌లో తన స్థాయిలో ఆడలేదు. ఒప్పుకోనివాళ్లు సర్వసభ్య సమావేశంలో తిట్టండి.

ఇక మన పిల్లల సంగతి. మొదటి ఆదివారమే రింక్ బుకింగ్‌లో తేడా వచ్చి అదే టైమ్ ఇంకొకరికీ ఇచ్చేశారు, గంట బయట నిలబడ్డాం. తప్పు ఎవరిదైనా రసీదు ప్రింట్ తీసుకెళ్లకపోవడం నాదే. తర్వాత అంతా బాగానే సాగింది. పొద్దున ఆరున్నరకి రబ్బరు మ్యాట్ మీద మోకాళ్లేసి పిల్లల స్కేట్ లేసులు బిగిస్తుంటే తండ్రులకి వేళ్లు వాచిపోయేవి, వదులుగా కడితే చీలమండ మడతపడుతుంది, గట్టిగా కడితే పిల్లలు ఏడుస్తారు. మూడో వారానికి లేసులు లాగే కొక్కెం ఒకటి ఉంటుందని తెలిసింది, చాలా చవక, మొదటి వారమే ఎవరైనా చెప్పుంటే బాగుండేది. ఆరేళ్ల పాప ఒకతి సీజనంతా గోడ పట్టుకునే తిరిగి, ఆఖరి రోజు నీలి గీత దాకా ఒంటరిగా వచ్చి దబ్బున కూర్చుంది. ఎవరు పడేశారని వాళ్లన్నయ్య అడిగితే "నేనే పడ్డా" అంది.

వచ్చే సీజన్‌కి పిల్లలకి చిన్నవైపోయిన స్కేట్లు, హెల్మెట్లు మా గరాజ్‌లో పడేయండి, జతకి సైజు రాసి టేప్ అంటించండి. హెల్మెట్ మీద ఎక్స్‌పైరీ తేదీ చూసుకోండి, అది దాటిపోయినవి వద్దు. కోచింగ్‌కి సాయం చేయడానికి ఇద్దరు కావాలి, స్కేటింగ్ రాకపోయినా పర్వాలేదు, తలుపు తీసి మూసేవాళ్లు కూడా అవసరమే.

మీ కార్యదర్శి