పడవలో రెండు బ్యాటరీలు: సోమశిలలో ఉన్న మిత్రుడికి ఉత్తరం

దేవరకొండ,
ఆదివారం రాత్రి.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. కొత్త ఫైబర్ పడవ సోమశిల రేవుకు చేరిందనీ, కొబ్బరికాయ కొట్టి ఇంటిల్లిపాదీ సిద్ధేశ్వరం ఒడ్డు దాకా వెళ్లివచ్చారనీ చదివి ఎంతో సంతోషించాను. అయితే చివర్లో, ఒక్క బ్యాటరీ చాలడం లేదు కాబట్టి ఇంకొకటి కొని ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపేస్తానని రాశావే, ఆ మాట దగ్గర ఆగిపోయాను. దయచేసి అలా కలపకు. అలా కలిపితే అవి రెండు బ్యాటరీలు కావు, ఒకే పెద్ద బ్యాటరీ అవుతాయి. లైట్లు వెలిగినంతసేపూ రెండూ కలిసే ఖాళీ అవుతాయి. పైగా వాటిలో ఒకటి పాతదైతే, అది కొత్తదాన్ని కూడా తనతోపాటు కిందికి లాగుతుంది.

కిందటి వానాకాలం నేను కళ్లారా చూసిన సంగతి నీకు ఇంతవరకు చెప్పలేదు. వైజాగ్ కాలనీ దగ్గర సాగర్ బ్యాక్‌వాటర్‌లో మా బావమరిది పడవ మీద వెళ్లాము. ఎగువన శ్రీశైలం గేట్లు ఎత్తి ఉన్నందున నీటికి లాగుడు ఎక్కువగా ఉంది. వలలు వేసి ఇంజన్ ఆపాము. రెండు లైట్లు, చేపల జాడ చూపే ఫైండర్, మూడు ఫోన్లు, వాన పడుతున్నందున అడుగున చేరే నీటిని తోడే పంపు, అన్నీ ఇంజన్ తిప్పవలసిన ఆ ఒక్క బ్యాటరీ మీదే నడిచాయి. నాలుగు గంటల తరువాత తాళంచెవి తిప్పితే సెల్ఫ్ తీసుకోలేదు, టక్ టక్ అని చప్పుడు మాత్రం వచ్చింది. మీటరు పెట్టి చూస్తే 11.6 వోల్టులు ఉంది. ఆ తరువాత పంపు కూడా మూలిగి ఆగిపోయింది. బావమరిది కొడుకుకు పదేళ్లు. పడవ రాళ్ల ఒడ్డు వైపు జరుగుతుంటే వాడు రెండు చేతులతో నా చొక్కా అంచును పిడికిట బిగించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పుట్టి మీద వలలు చూసుకుంటున్న ఒక పెద్దాయన మా టార్చిలైటు చూసి వచ్చి తాడు విసిరాడు కాబట్టి ఒడ్డుకు చేరాము. అప్పటినుంచి ఇంజన్ బ్యాటరీ మీద ఇంకేదీ నడపకూడదన్నది నాకు నియమమైపోయింది.

దీనికి కారణం బ్యాటరీ లోపలే ఉంది. ఇంజన్ తిప్పే బ్యాటరీలో పలుచని పలకలు ఎక్కువగా ఉంటాయి. అవి కొన్ని క్షణాలపాటు వందల ఆంపియర్లు ఇవ్వగలవు కానీ, గంటల తరబడి కొద్దికొద్దిగా ఖాళీ చేస్తే వాటి మీది పూత రాలిపోతుంది. లైట్లకు, ఫైండర్‌కు కావలసింది మందమైన పలకలుండి, గంటల తరబడి ఖాళీ అయినా తట్టుకునే డీప్ సైకిల్ బ్యాటరీ. మన ఇళ్లలో ఇన్వర్టర్‌కు పెట్టే ట్యూబులర్ బ్యాటరీ కూడా ఆ స్వభావం కలదే అయినా, అది ఎత్తుగా, బరువుగా ఉంటుంది, పడవ ఒరిగితే యాసిడ్ చిందుతుంది. అందుచేత నీటి మీదికి సీల్ చేసిన రకమే మేలని నా అభిప్రాయం. ధర కాస్త ఎక్కువైనా వెనుకాడకు.

ఎంత పెద్దది కొనాలో లెక్క వేసుకుందాము. నువ్వు రాసిన సామానంతా కలిపి సుమారు 60 వాట్లు, అంటే 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు. రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే 40 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. లెడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి, 100 ఆంపియర్ అవర్లది తీసుకో. గంటసేపు ఏమీ నడపకుండా ఉంచి మీటరు పెడితే నిండిన బ్యాటరీ 12.6 నుంచి 12.7 వోల్టులు చూపుతుంది. 12.2 చూపిందంటే సగానికి వచ్చినట్టు, ఇక లైట్లు తగ్గించాలి.

ఇక రెండింటినీ ఎలా కలపాలన్నది అసలు విషయం. మైనస్‌లు రెండూ ఒకచోట కలిసే ఉండాలి, ప్లస్‌లు మాత్రం విడిగా ఉండాలి. ఆ రెండు ప్లస్‌ల మధ్య వోల్టేజీని గమనించే రిలే, అంటే తానే పనిచేసే స్విచ్చి, ఒకటి పెట్టాలి. ఇంజన్ నడిచి దాని బ్యాటరీ సుమారు 13.3 వోల్టులకు చేరినప్పుడు ఆ రిలే తానే రెండింటినీ కలుపుతుంది, ఇంజన్ ఆగి వోల్టేజీ 12.8 దగ్గరికి దిగినప్పుడు తానే విడదీస్తుంది. అందువల్ల రాత్రంతా లైట్లు వెలిగినా ఇంజన్ బ్యాటరీ తాకకుండా మిగిలి ఉంటుంది. ‘ఒకటి’, ‘రెండు’, ‘రెండూ కలిపి’ అని చేత్తో తిప్పుకొనే పెద్ద స్విచ్చి కూడా దొరుకుతుంది కానీ, అలసిపోయి ఒడ్డుకు వచ్చినవాడు దాన్ని తిప్పడం మరిచిపోతాడు. పైగా ఇంజన్ నడుస్తుండగా దాన్ని ఆఫ్ వైపు తిప్పితే ఛార్జింగ్ డయోడ్లు కాలిపోయే ప్రమాదం ఉంది. రిలేతోపాటు ప్రతి బ్యాటరీకి విడిగా ఒక స్విచ్చి, అత్యవసరంలో రెండింటినీ కలపడానికి మూడో స్విచ్చి ఉంటే చాలు.

నీళ్లు తోడే పంపును మాత్రం చేత్తో తిప్పే ఏ స్విచ్చి గుండానూ పోనివ్వకు. లైట్లకు పెట్టిన రెండో బ్యాటరీ నుంచి పంపు సొంత ఫ్యూజుతో నేరుగా ఫ్లోట్ స్విచ్చికి, అంటే నీరు పెరిగితే తేలి పంపును నడిపే స్విచ్చికి, తీసుకువెళ్లు. పడవను రేవులో కట్టేసి నువ్వు ఇంట్లో నిద్రపోతున్నప్పుడు వాన వస్తే అది తనంతట తాను పని చేయాలి కదా.

ఫ్యూజు లైటును కాపాడడానికి కాదు, వైరును కాపాడడానికి. కాబట్టి అది ప్లస్ టెర్మినల్‌కు జానెడు దూరంలోపే ఉండాలి, ఎందుకంటే ఫ్యూజుకు ముందున్న వైరు ఎక్కడ ఒరుసుకుపోయినా మంట పుట్టేది అక్కడే. రిలే వైరుకు రెండు చివరలా బ్యాటరీలు ఉన్నాయి కనుక రెండు చివరలా ఫ్యూజులు ఉండాలి.

వైరు సంగతి వివరంగా చెప్పాలి. లో వోల్టేజీ వల్ల బోరు మోటార్లు కాలిపోవడం మన నల్లగొండ రైతులందరికీ తెలిసిందే, 12 వోల్టుల మీద ఆ బాధ ఇంకా ఎక్కువ. పంపు బ్యాటరీకి ఆరు మీటర్ల దూరంలో ఉంటే పోను, రాను కలిపి పన్నెండు మీటర్లు. ఇంట్లో లైట్లకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే 5 ఆంపియర్లకు దాదాపు 0.7 వోల్టు దారిలోనే పోతుంది, 4 చదరపు మిల్లీమీటర్లది వేస్తే 0.26 మాత్రమే పోతుంది. సన్నని పోగులు అనేకం ఉండి, వాటికి తగరం పూత ఉన్న వైరునే అడుగు. కృష్ణ నీరు ఉప్పునీరు కాకపోయినా, పడవ అడుగున ఎప్పుడూ ఉండే చెమ్మకు మామూలు రాగి కొన్నాళ్లకు నల్లబడుతుంది. వైరు చివర తొడిగే లగ్గులను పటకారుతో నొక్కకుండా, వాటిని నొక్కి బిగించే క్రింపింగ్ పరికరంతోనే బిగించాలి.

ఛార్జింగ్ గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకు. నీది చిన్న ఇంజన్, గంటసేపు నడిస్తే పది ఆంపియర్ అవర్లు తిరిగి వస్తే గొప్ప. అందుకని పడవ పైకప్పు మీద 100 వాట్ల సోలార్ పలక పెట్టి, మధ్యలో ఛార్జింగ్ మితిమీరకుండా చూసే కంట్రోలర్ వేసి రెండో బ్యాటరీకి కలుపు. పాలమూరు ఎండకు కొదవ లేదు కదా.

బ్యాటరీలను గాలి ఆడే పెట్టెల్లో పెట్టి పట్టీలతో బిగించు. పని మొదలుపెట్టేముందు చేతి ఉంగరం తీసెయ్యి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు ప్లస్ ముందు అన్నది మరిచిపోకు. పానా ఒక టెర్మినల్ నుంచి ఇంకొకదానికి తగిలితే క్షణంలో ఎర్రబడుతుంది.

వచ్చే శనివారం ఉదయం బస్సుకు నేను కొల్లాపూర్ వస్తాను. క్రింపింగ్ పరికరం, మీటరు నా దగ్గర ఉన్నాయి. నువ్వు బ్యాటరీ పెట్టే చోటు నుంచి పంపు దాకా, లైట్ల దాకా ఎన్ని మీటర్లో తాడుతో కొలిచి ఉంచు. వైరు మాత్రం నేను వచ్చేదాకా కొనకు. చెల్లెమ్మకు, పిల్లలకు నా ఆశీస్సులు.

ఇట్లు,
నీ మిత్రుడు