వార్షిక నివేదిక 2024–25: అలంపూర్ జోగులాంబ యాత్ర, ఇతర కార్యక్రమాలు

మన కాలనీ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

పోయినేడు నివేదికలో బోరు మోటారు గురించే మూడు పేజీలు రాశానని చాలామంది దెప్పారు. అందుకని ఈసారి బోరు సంగతి ఒక్క ముక్కలో చెప్తున్నాను: పాత మోటారు పీకేసి కొత్తది వేయించాం, నీళ్లు వస్తున్నాయి. రెండు గేట్ల దగ్గరా సీసీ కెమెరాలు బిగించాం. బతుకమ్మ తొమ్మిది రోజులూ మన పార్కులోనే ఆడారు, సద్దుల రోజు వాన పడినా ఎవరూ కదల్లేదు. రక్తదాన శిబిరానికి మాత్రం అనుకున్నంత మంది రాలేదు. అది మా లోపమే, పరీక్షల సీజన్లో పెట్టాం.

ఇక యాత్ర. ఏడాది మొత్తంలో మీరు ఇప్పటికీ మాట్లాడుకుంటున్నది దాని గురించే, ఫిర్యాదులు ఎక్కువ వచ్చిందీ దాని మీదే. కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆగస్టు సమావేశంలో ఎక్కడికి వెళ్దామని అడిగితే ఎప్పటిలాగే యాదగిరిగుట్ట, వేములవాడ అన్నారు. అప్పుడు బి బ్లాకు పెద్దమ్మ ఒకరు లేచి, "అలంపురే జోగులాంబా, శ్రీశైలే భ్రమరాంబికా అని పొద్దున్నే చదువుతాం కదా, శ్రీశైలం నాలుగుసార్లు పోయినం, ఆ ముందున్న అమ్మవారిని ఎంతమంది చూసినరు?" అన్నారు. ఏడు చేతులు లేచాయి. తెలుగునేల మీద అష్టాదశ శక్తిపీఠాల్లో నాలుగు ఉంటే తెలంగాణకు దక్కింది ఇదొక్కటే. 2016లో జిల్లాకు కూడా ఆవిడ పేరే పెట్టారు. ఇక ఓటింగ్ అవసరం రాలేదు.

తేదీ దగ్గర మాత్రం పేచీ వచ్చింది. కొందరు మాఘమాసంలో వసంత పంచమికి వెళ్దామన్నారు. కమిటీ ఒప్పుకోలేదు, ఆ రోజు జనం ఎక్కువ, మనలో మోకాళ్ల నొప్పులవాళ్లూ ఎక్కువ. డిసెంబరు రెండో ఆదివారం ఖాయం చేశాం. దీని పర్యవసానం కింద చెప్తాను.

పొద్దున 5 గంటలకు రావాల్సిన రెండు బస్సుల్లో ఒకటి 6.20కి వచ్చింది. ట్రావెల్స్ పేరు ఇక్కడ ఎందుకులెండి, వచ్చే ఏడు వాళ్లను పిలవం, అంతే. జడ్చర్ల దాటాక టీ, బీచుపల్లి దగ్గర కృష్ణమ్మకు దండం. బ్రిడ్జి మీద చిల్లర కోసం బస్సంతా గోల. కృష్ణ దాటితే నడిగడ్డ. రెండు నదుల మధ్య ఉంది కాబట్టి ఆ సీమకు ఆ పేరు. ఈ చివర కృష్ణ దాటి, ఆ చివర తుంగభద్ర ఒడ్డున దిగాం. అలంపూర్ చౌరస్తాలో హైవే వదిలి ఊళ్లోకి చేరేసరికి పదిన్నర దాటింది.

సతీదేవి పై దంతాల వరుస ఇక్కడ పడిందని స్థలపురాణం. యోగులకు అమ్మ కాబట్టి యోగులాంబ, అదే జనం నోట జోగులాంబ అయింది. అమ్మవారిది ఉగ్రరూపం. అందుకే చల్లబరచడానికన్నట్టు గుడి చుట్టూ నీళ్లు పారే గుండం కట్టారు. బయట ఎండ చురుక్కుమంటున్నా ఆ నీటి పక్కకు రాగానే ఒళ్లు తేలికపడింది. వరుసలో ఉన్న పిల్లలు నీళ్లలోకి వంగి చూస్తుంటే తల్లులకు టెన్షన్.

మనం చూసిన ఈ గుడి కొత్తది. 14వ శతాబ్దం చివర్లో బహమనీల దాడిలో పాత గుడి కూలిపోయింది. అమ్మవారిని, చండి, ముండి విగ్రహాలతో సహా, పక్కనున్న బాలబ్రహ్మేశ్వరుడి గుడిలోకి చేర్చారు. ఆరు వందల ఏళ్లకు పైగా ఆవిడ అక్కడే పూజలందుకుంది. పాత చోటే మళ్లీ గుడి కట్టి, 2005 ఫిబ్రవరి 13న, వసంత పంచమి నాడు, తిరిగి ప్రతిష్ఠించారు. మా నాయనమ్మ చూసిన జోగులాంబ బాలబ్రహ్మ గుడిలో ఓ మూల చీకట్లో ఉండేదట. నేను చూసిన జోగులాంబకు తన గుడి తనకుంది.

ఇప్పుడు ఆ పర్యవసానం. అమ్మవారి జడల్లో బల్లి, తేలు, గబ్బిలం, కపాలం ఉంటాయని బస్సులో మైకు పట్టుకుని చెప్పింది నేనే. తీరా గర్భగుడి ముందుకు వెళ్తే పట్టుచీర, పూలదండలు, వెండి నగలు. ముఖం తప్ప ఏమీ కనపడదు. మా వెనకున్న నాలుగో తరగతి పిల్లాడు "అంకుల్, బల్లి ఏదీ?" అని గట్టిగా అడిగాడు. అర్చకులు నవ్వి, నిజరూపం చూడాలంటే వసంత పంచమికే రావాలన్నారు. మాఘ శుద్ధ పాడ్యమి నుంచి పంచమి దాకా బ్రహ్మోత్సవాలు. చివరి రోజు వెయ్యి కలశాలతో అభిషేకం చేస్తారు, అప్పుడే అలంకారం లేని రూపం చూడనిస్తారు. కమిటీ వద్దన్న రోజు అదే.

ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. ఇంట్లో జీవకళ తగ్గుతుంటే మొదట బల్లులు చేరతాయి, తర్వాత తేళ్లు, ఆ తర్వాత గబ్బిలాలు, చివరికి కపాలం, అంటే చావు. ఆ నాలుగింటినీ తల మీద మోస్తోంది కాబట్టి ఇళ్లు కాచే గృహచండి అని నమ్మకం. ఆ రోజు నుంచి మన కాలనీ ఆడవాళ్లకు బల్లుల లెక్క పట్టుకుంది. పెస్ట్ కంట్రోల్ పెట్టించమని ఆఫీసుకు అర్జీలు కూడా వచ్చాయి, అది అజెండాలో వేశాం.

పులిహోర, దద్దోజనం మహిళా విభాగం వాళ్లు తెల్లవారుజామున రెండింటికి లేచి చేశారు. అన్నం పొడిపొడిగా, ఇంగువ ఘాటు తగిలేలా వచ్చింది. ఒకటికి రెండుసార్లు వడ్డించుకున్నా అందరికీ సరిపోయింది. వాళ్లకు ఈ నివేదిక ద్వారా ధన్యవాదాలు.

నా అసలు బాధ నవబ్రహ్మ ఆలయాల గురించి. బస్సు ఆలస్యం, దర్శనం వరుస, భోజనాలు పోను వాటికి మిగిలింది నలభై నిమిషాలు. అవి 7, 8 శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు కట్టించినవి. పేరు బ్రహ్మే కానీ తొమ్మిదీ శివాలయాలు. బాల, కుమార, అర్క, వీర, విశ్వ, తారక, గరుడ, స్వర్గ, పద్మ. బ్రహ్మ ఇక్కడ శివుడి కోసం తపస్సు చేశాడని కథ. మన వైపు గుళ్లకుండే మెట్ల మెట్ల గోపురం వీటికి లేదు. ఉత్తరాది గుళ్లలా శిఖరం వంపు తిరిగి పైకి పోతుంది, కొసన ఉసిరికాయ ఆకారంలో నొక్కులు నొక్కులుగా రాతి చక్రం. దాన్ని ఆమలకం అంటారు, ఆ మాటకు అర్థం ఉసిరికాయే. తారకబ్రహ్మ ఒక్కటే వేరే తీరుగా ఉంది. స్వర్గబ్రహ్మ గోడల మీద దిక్పాలకుల్ని చూస్తూ నేను పదిహేను నిమిషాలు నిలబడిపోయాను. అప్పటికే బస్సు హారన్లు కొడుతోంది.

మ్యూజియంలోకి పదిమందే వెళ్లగలిగారు. పాపనాశి గుళ్లకు, కూడలి సంగమేశ్వరాలయానికి అసలు వెళ్లనేలేదు. ఈ రెండోది కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గర కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని రాయి రాయిగా విప్పి తెచ్చి అలంపూర్లో మళ్లీ పేర్చారు. ఊరు మునగకుండా నది వైపు పెద్ద గోడ కట్టారు. నీటిపారుదల శాఖలో రిటైరైన మన సభ్యులొకరు ఆ గోడ ఎక్కి కిందకు దిగనంటే దిగనన్నారు. గుడి కన్నా గోడే నచ్చిందని ఇంట్లో ఇప్పటికీ ఆయన్ని ఆటపట్టిస్తున్నారట.

లెక్కలు. యాత్రకు వచ్చినవారు 86 మంది, తలకు 900 చొప్పున వసూలైంది 77,400 రూపాయలు. బస్సులకు 58,000 (ఆలస్యానికి అడిగి 2,000 తగ్గించాక), సరుకులు, వంటకు 14,600, గుడిలో సేవా టికెట్లకు 2,300. మిగిలిన 2,500 బతుకమ్మ ఖాతాలో జమ చేశాం. బిల్లులు ఆఫీసులో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు.

వచ్చే ఏడుకు కమిటీ ప్రతిపాదన: మళ్లీ అలంపూరే, ఈసారి రెండు రోజులు. 2026లో వసంత పంచమి జనవరి 23, శుక్రవారం పడింది. ఆ రోజు అమ్మవారి నిజరూప దర్శనం, రాత్రి కర్నూలులో బస, మర్నాడు పొద్దున తీరిగ్గా నవబ్రహ్మలు, మ్యూజియం, పాపనాశి. "ఒకసారి చూసిన గుడికే మళ్లీనా" అన్నవాళ్లున్నారు. నా ఉద్దేశంలో మనం పోయినసారి చూసింది సగమే. ఏదైనా సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి తేల్చండి. వసతి బుక్ చేయాలి కాబట్టి పేర్లు మాత్రం దసరాలోపు ఇవ్వండి.

బస్సులో మర్చిపోయిన రెండు స్టీలు క్యారియర్లు, ఒక కళ్లజోడు, ఎర్ర అంచు శాలువా ఇంకా ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. క్యారియర్ ఒకదాంట్లో పులిహోర ఉండిపోయింది, దాన్ని మా వాచ్‌మన్ కడిగి పెట్టాడు. ఎవరివో వాళ్లు వచ్చి తీసుకెళ్లగలరు.

ఇట్లు,
కార్యదర్శి