పాదం చూడనిదే నిష్పత్తి తేలదు

సంపాదకుల వారికి నమస్కారములు.

విద్యార్థుల కోసం పత్రికలలో వచ్చే గణిత పాఠాలలో, సైన్, కాస్, టాన్ అనే త్రికోణమితీయ నిష్పత్తులలో (లంబకోణ త్రిభుజపు భుజాల నిష్పత్తులలో) ఒకటి ఇచ్చి మిగిలినవి కనుక్కోమనే లెక్కలు తరచుగా కనిపిస్తాయి. వాటి సాధనలో సూత్రమూ జవాబూ ఉంటాయి గాని, చాలాసార్లు పటం ఉండదు. ధన, రుణ గుర్తుల దగ్గర పిల్లలు తడబడటానికి ప్రధాన కారణం ఈ లోపమేనని, పాఠం చెప్పేవాడిగా నా నిశ్చితాభిప్రాయం.

తీటా అనే కోణానికి సైన్ 5/13 అనీ, ఆ తీటా రెండవ పాదంలో, అంటే ఎక్స్, వై అక్షాలు తలాన్ని విడదీసే నాలుగు భాగాలలో ఎడమవైపు పైభాగంలో, ఉందనీ అనుకుందాం. ఎదుటి భుజం 5, కర్ణం 13 గల లంబకోణ త్రిభుజం గీస్తే, పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం ఆసన్న భుజం 12 అవుతుంది. త్రిభుజం చెప్పగలిగింది అంతవరకే. ఆ 12 మూలబిందువుకు ఎడమవైపున ఉన్నదన్న సంగతి పాదాన్ని బట్టి తెలుస్తుంది కనుక, కాస్ తీటా −12/13, టాన్ తీటా −5/12 అవుతాయి. సైన్ వర్గం, కాస్ వర్గాల మొత్తం 1 అనే సూత్రంతో చేసినా, 144/169 వర్గమూలం దగ్గర ధన, రుణ విలువలు రెండూ ఎదురవుతాయి. ఏది ఉంచుకోవాలో పాదమే తేల్చాలి.

అసలు చిక్కు మూడవ పాదంలో వస్తుంది. టాన్ తీటా 3/4 అని ఇస్తే, అది ధనాత్మకం కదా అని సైన్ 3/5, కాస్ 4/5 అని రాసేసేవారు ఎందరో. అక్కడ బిందువు నిరూపకాలు −4, −3 కాబట్టే వాటి నిష్పత్తి ధనాత్మకమైంది; సైన్ −3/5, కాస్ −4/5 మాత్రమే సరైనవి. నిరూపకాలను రుణాత్మకంగా తీసుకున్నాక కర్ణానికి కూడా రుణ గుర్తు పెట్టి, మళ్లీ ధన విలువలకే వచ్చేవారూ ఉన్నారు. కర్ణం మూలబిందువు నుంచి బిందువుకు ఉన్న దూరం కనుక ఏ పాదంలోనైనా అది ధనాత్మకమేనని ప్రతి సాధనలోనూ ఒక వాక్యం ఉండాలి. అలాగే లంబాన్ని ఎప్పుడూ ఎక్స్ అక్షం మీదికే దించాలి. వై అక్షం మీదికి దించి, మూలబిందువు దగ్గరి కోణాన్నే తీసుకుంటే సైన్, కాస్ విలువలు తారుమారవుతాయి.

ఏ పాదంలో ఏవి ధనాత్మకమో కంఠస్థం చేయించే పద్ధతిని నేను తప్పుపట్టను. కాని అర్ధకోణం వచ్చేసరికి అదొక్కటే చాలదు. టాన్ 3/4 అన్న పై లెక్కలోనే తీటా మూడవ పాదంలో, అంటే 180, 270 డిగ్రీల మధ్య ఉంటే, అందులో సగం 90, 135 డిగ్రీల మధ్య, అంటే రెండవ పాదంలో పడుతుంది. అందువల్ల అర్ధకోణపు సైన్ ధనాత్మకమై 3/√10, కాస్ రుణాత్మకమై −1/√10, టాన్ −3 వస్తాయి. మూడవ పాదపు గుర్తులనే ఇక్కడా వాడితే టాన్ 3 అని తప్పు జవాబు వస్తుంది.

కనుక మీ విద్యా పేజీలో ఇటువంటి లెక్క ప్రచురించినప్పుడల్లా, చిన్నదైనా సరే, అక్షాలతో కూడిన పటం ఇవ్వవలసిందిగానూ, పాదం నిర్ణయించే మెట్టును సాధనలో మొదటి వరుసలోనే ముద్రించవలసిందిగానూ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయుడు