ముసలమ్మ తిరిగొచ్చుంటే?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో జైనుల సల్లేఖన మీద, అంటే చివరి రోజుల్లో తిండి తగ్గించుకుంటూ ప్రాణం వదిలే వ్రతం మీద, వచ్చిన వ్యాసం చదివాను. రాసినాయన బాగా చదువుకున్నోడే, కాదనను, కానీ చివరికొచ్చేసరికి ఏ పేరు పెట్టుకున్నా చావు చావే, దేవుడి పేరు చెప్పినంత మాత్రాన ఆత్మహత్య ఇంకోటి అయిపోదు అని ఒక్క ముక్కలో తేల్చేశారు. సరే ఆయన అభిప్రాయం అనుకుని పేజీ తిప్పితే, ఎక్కడో ఒక కుర్రోడు ప్రాణం తీసుకున్న వార్తకి మీ వాళ్లు ఇంత లావు అక్షరాలతో 'ఆత్మార్పణ' అని హెడ్డింగ్ పెట్టారు. ఒక పేజీలో రెండూ ఒకటే అంటిరి, ఇంకో పేజీలో ఆత్మహత్యకి త్యాగం కిరీటం తెచ్చి పెడితిరి. నాకు రెండూ నచ్చలేదు, అందుకే రాస్తున్నా, పొడుగైతే కత్తిరించుకోండి.

మాది అనంతపురం. బుక్కరాయసముద్రం చెరువు ముసలమ్మ కథ మావైపు పిల్లలకి పనిగట్టుకుని చెప్పక్కర్లేదు, బస్సు ఆ చెరువు పక్కన పోతుంటే పక్క సీట్లో అవ్వ ఎవరో ఒకరు చెప్పేస్తారు. పెద్ద వాన, చెరువు నిండింది, కట్ట తెగేటట్టుంది, ఊరంతా కొట్టుకుపోతుందని అందరూ వణికిపోతుంటే, బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మని బలిస్తేనే కట్ట నిలుస్తుందని దేవత పలికిందంట. ఆ పిల్ల ఇంట్లో అందరి దగ్గరా సెలవు తీసుకుని గండి దగ్గరికి నడిచిపోయింది, నీళ్లు ఆగాయి, ఊరు బతికింది, ఆమె దేవతైంది. చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. ఇప్పుడు అరవై దాటాక ఏడుపు రావట్లేదు కానీ ఒక ప్రశ్న మాత్రం వదలట్లేదు. ముసలమ్మ సగం దారిలో ఆగి, నా బిడ్డ ఏడుస్తాడు నేను పోను అని వెనక్కి తిరిగొచ్చుంటే ఊరేం చేసేది? తలుపు తీసి రా తల్లీ అనేదా, లేక పది మంది పట్టుకుని మళ్లీ గండి దగ్గరికి తీసుకుపోయేవాళ్లా?

ముసలమ్మ మనసులో ఉన్నది త్యాగమే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఊరు చేసింది త్యాగం కాదు కదా. ఒకే చావు, ఆమె వైపు నుంచి చూస్తే ఒకటి, కట్ట మీద నిలబడి చూసినోళ్ల వైపు నుంచి ఇంకోటి. ఎవరైనా నాకు ఇది బలిదానం అని చెప్తే నేను చూసేది చచ్చినోళ్లని కాదు, చుట్టూ నిలబడినోళ్ల మొహాలని. ఆ మనిషి మధ్యలో లేచి ఇంటికొచ్చేస్తే వాళ్లు సంతోషిస్తారా, మొహం మాడ్చుకుంటారా?

ఇప్పుడు సల్లేఖనకి వస్తా. 2015 ఆగస్టు 10న రాజస్థాన్ హైకోర్టు, దీన్నే సంథారా అంటారు, ఇది ఆత్మహత్యే, అప్పటి ఐపీసీ 306, 309 సెక్షన్ల కింద నేరమే అని తీర్పిచ్చింది, అదే నెల 31న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. మీ వ్యాసంలో ఈ రెండూ ఉన్నాయి. లేనిదేంటంటే జైనులు తమకి తాము పెట్టుకున్న నియమం. తత్త్వార్థ సూత్రం అనే వాళ్ల పాత గ్రంథంలో సల్లేఖనకి ఐదు దోషాలు చెప్పారు, బతకాలని ఆశపడటం, చావాలని ఆశపడటం, స్నేహితుల మీద మమకారం, పాత సుఖాలు తలుచుకోవడం, దీనివల్ల ఏదో ఫలం వస్తుందని కోరుకోవడం. రెండోది చూడండి. చావాలని కోరుకున్నా దోషమేనంట! తొందరగా పోతే బాగుండు అనుకున్నా వ్రతం చెడినట్టే. ఇలా రాసిపెట్టుకున్నోళ్లని పట్టుకుని మీరు చావాలని చచ్చారు అనడం ఎంతవరకు కరెక్టు? ముసలితనం వచ్చి, తగ్గని జబ్బు వచ్చి, ఇక దేహం నిలవదని తెలిశాక, గురువు అనుమతితో ఒక్కొక్కటే తగ్గించుకుంటూ పోవడం అది.

అలాగని జైనులు చేసిందల్లా ఒప్పు అని నేననడం లేదు. 2016లో సికింద్రాబాద్‌లో పదమూడేళ్ల జైన అమ్మాయి 68 రోజులు ఉపవాసం చేసి, అది విరమించిన రెండు రోజులకే చనిపోయింది. అది సల్లేఖన కాదు, తపస్సు అన్నారు, తల్లిదండ్రుల మీద పోలీసులు కేసు పెట్టారు. ఆ పిల్ల ఇష్టంగానే చేసిందని ఇంట్లోవాళ్లు చెప్పారు. పదమూడేళ్ల పిల్లకి ఇష్టం అంటే ఏంటండీ, నాన్న కళ్లల్లో మెరుపు చూడాలన్నదే కదా. నలభయ్యో రోజు నాకు ఆకలేస్తోంది అని ఆ పిల్ల అనగలిగేదా? అని ఉంటే ఎవరైనా ఎగిరి గంతేసేవాళ్లా? నాకు ఇక్కడ ముసలమ్మే కనిపిస్తుంది.

పొట్టి శ్రీరాములు గారిని చూడండి, ఆయనది మతం కాదు గానీ దానికీ వాడే మాట ఆత్మార్పణే. 1952 అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో నిరాహారదీక్షకి కూర్చున్నాడు, డిసెంబర్ 15 రాత్రి పోయాడు, 58 రోజులు. నెహ్రూ గారు 19న ఒప్పుకున్నారు. ఆ మాటేదో ఒక వారం ముందు చెప్పుంటే శ్రీరాములు గారు గ్లాసుడు నిమ్మరసం తాగి లేచి కూర్చునేవాడు, అందరికంటే ముందు నవ్వేవాడు కూడా. ఆయనకి కావలసింది రాష్ట్రం, చావు కాదు. పోలెండ్ ఫాదర్ కోల్బె కూడా అంతే, 1941లో నాజీల ఆష్విట్జ్ క్యాంపులో ఆకలితో చంపడానికి పది మందిని ఎంచితే, అందులో ఒకడు పెళ్లాం పిల్లలని తలుచుకుని ఏడిస్తే, అతని బదులు నేనొస్తా అని ముందుకొచ్చాడు. అలా బతికినాయన 1982లో కోల్బెని సెయింట్‌గా ప్రకటించిన రోజు అక్కడే ఉన్నాడు. అతను బతకాలన్నదే కోల్బెకి కావాల్సింది.

ఇదంతా నేనేదో కొత్తగా కనిపెట్టింది కాదు, మన రామాయణంలోనే పక్కపక్కన ఉంది. సీతమ్మ దొరకలేదు, పెట్టిన గడువు దాటింది, ఉత్త చేతులతో పోతే సుగ్రీవుడు చంపుతాడని అంగదుడు సముద్రం ఒడ్డున దర్భలు పరుచుకుని ప్రాయోపవేశం, అంటే తిండి మాని ఇక్కడే ప్రాణం వదులుతా అన్నాడు, మిగతా కోతులూ కూర్చున్నాయి. పేరు ఎంత గొప్పది, ప్రాయోపవేశం! లోపల ఉన్నది మాత్రం భయం. అక్కడే అంగదుడు జటాయువుని తలుచుకుని, రాముడి పని మీద పోయాడు, ఆయన ధన్యుడు అంటాడు. ఆ పేరు వినే కదా జటాయువు అన్న సంపాతి ఇంకా చెప్పండి అని వివరం అడిగింది, సీత జాడ చెప్పింది. ఆ కోతులన్నీ లేచి కూర్చున్నాయి, ప్రాయోపవేశం గాలికి పోయింది, ఎవరూ సిగ్గుపడలేదు, వాల్మీకి కూడా ఏమీ అనలేదు. తర్వాత లంకలో హనుమంతుడంతటి వాడికే చచ్చిపోదామా అన్న ఆలోచన వచ్చింది, చస్తే అన్నీ దోషాలే, బతికుంటే మంచి చూడొచ్చు అనుకుని మళ్లీ వెతుక్కుంటూ పోయాడు.

మా అవ్వ తొంభై ఏళ్లప్పుడు తిండి మానేసింది. వ్రతమూ లేదు గురువూ లేడు, కడుపు తీసుకోవట్లేదు నాయనా అంది అంతే. మా నాయన రోజూ పొద్దున్నే రాగి జావ గిన్నె పట్టుకుని మంచం దగ్గరికి పోయేవాడు, ఆమె కొంచెం వాసన చూసి 'రేపు చూద్దాం లే' అనేది. పదకొండు రోజులు అదే మాట. దాన్ని ఆత్మహత్య అన్నవాణ్ణి మా నాయన కర్ర తీసుకుని తరిమేవాడు.

ఇంకోటి చెప్పాలి. నాతో పాటు పనిచేసిన ఒక సార్ కొడుకు, ఇంజనీరింగ్, సబ్జెక్టులు మిగిలిపోయాయి, ఎవరితో చెప్పుకోలేదు, పోయాడు. పాపం చేశాడని నేననను, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టమే ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించాలంది. కానీ పెద్దకర్మ రోజు ఒకాయన వచ్చి దేవుడికి ఇష్టమైనోణ్ణి తొందరగా పిలుచుకుంటాడు అన్నాడు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండింది. ఆ పిల్లోడు ఆ రోజు తలుపు కొట్టుంటే ఇల్లు ఇల్లంతా పరిగెత్తుకొచ్చి కావలించుకునేది. వాడికి ఆ తలుపు కనపళ్లేదు. కట్ట మీద ముసలమ్మకి ఆ తలుపు ఉందో లేదో తెలియదు గానీ వీడికి మాత్రం బార్లా తెరిచి ఉండింది.

కాబట్టి ఎడిటర్ గారూ, చచ్చిపోయిన పిల్లల వార్తల మీద ఆత్మార్పణ, ఆత్మబలిదానం అని వేయకండి. ఉద్యమం కోసమైనా, హీరో కోసమైనా, లీడర్ కోసమైనా, దేవుడి కోసమైనా సరే. ఆ జాగాలో మనసు బాగోలేనోళ్లు మాట్లాడుకోడానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ ఫోన్ నంబర్ 14416 వేయండి, అదే లావు అక్షరాల్లో.

ఆ హెడ్డింగ్ వచ్చిన రోజు పొద్దున్నే ఆ సార్ నాకు ఫోన్ చేశాడు. ఆయన కూడా మీ పేపరే తెప్పించుకుంటాడు. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత 'అయితే మావాడు కూడా గొప్ప పనే చేసినాడంటావా?' అన్నాడు. నాకు జవాబు దొరక్క, మీకు రాస్తున్నా.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
అనంతపురం